అడయారు గొడవకు మూలం 2017 టోక్యో ఓటు

చెన్నైలో అడయారు నది మీద రోయింగ్ నేర్చుకునే తెలుగు అమ్మాయిల ఇళ్లలో ఈ వారం మళ్ళీ అదే గొడవ. నిన్నటిదాకా 59 కిలోలు దాటొద్దని కడుపు కట్టించారు. ఇప్పుడేమో బరువు పెంచండి, లేకపోతే జట్టులో సీటు కష్టం అంటున్నారు. కొందరు తల్లిదండ్రులు కోచ్‌ల మీద మండిపడుతున్నారు, ఇంకొందరు పిల్లల్నే తిడుతున్నారు. 2028 లాస్ ఏంజెలెస్ ఒలింపిక్స్‌లో లైట్‌వెయిట్ రోయింగ్, అంటే ఆ 59 కిలోల్లాంటి బరువు పరిమితితో జరిగే పోటీ, ఉండదన్నది అందరికీ తెలిసిందే. అది ఎలా పోయిందో తెలిస్తే ఈ కోపం ఎవరి మీద చూపాలో తెలుస్తుంది.

ఇమోజెన్ గ్రాంట్ కథ చూడండి. బ్రిటన్ అమ్మాయి, కేంబ్రిడ్జ్‌లో మెడిసిన్ చదవడానికి వెళ్లి అక్కడ రోయింగ్ మొదలుపెట్టింది. ఎమిలీ క్రెగ్‌తో కలిసి లైట్‌వెయిట్ డబుల్ స్కల్స్‌లో, అంటే చెరి రెండు తెడ్లతో ఇద్దరు నడిపే పడవలో, 2024 ఆగస్టు 2న పారిస్‌లో స్వర్ణం గెలిచింది. ఆడవాళ్ళ లైట్‌వెయిట్‌లో ఒలింపిక్స్ చూసిన చివరి ఫైనల్ అదే. ఆమె తన పోటీకి ఇంకో ఒలింపిక్స్ లేదని తెలిసే ఆ పడవ ఎక్కింది. అంతకు మూడేళ్ల ముందు, 2021లో జరిగిన టోక్యో ఒలింపిక్స్ ఫైనల్లో ఇదే జంట నాలుగో స్థానంలో ఆగిపోయింది. నెదర్లాండ్స్ జంట 6:48.03తో కాంస్యం తీసుకుంటే, వీళ్ల టైమ్ 6:48.04. రెండు కిలోమీటర్లు తెడ్డు వేశాక సెకనులో నూరో వంతు తేడా. అక్కడితో మానేసినా ఎవరూ తప్పుపట్టేవాళ్లు కాదు. 2022, 2023 వరల్డ్ చాంపియన్‌షిప్‌లు గెలిచి మరీ పారిస్ వచ్చారు.

కానీ ఈ పోటీ తలరాత టోక్యోలోనే, అక్కడి ఒలింపిక్స్‌కు నాలుగేళ్ల ముందే, పడవలు లేని ఒక హాల్లో ఖాయమైంది. 2017 ఫిబ్రవరిలో అంతర్జాతీయ రోయింగ్ సమాఖ్య అక్కడ ప్రత్యేక సమావేశం పెట్టింది. 2016 రియో ఒలింపిక్స్‌లో మగవాళ్లకు 8, ఆడవాళ్లకు 6 పోటీలున్నాయి. రెండూ సమానం చేయాలన్నది ఒలింపిక్ కమిటీ మాట. మొత్తం సంఖ్య పెంచే వీలు లేదు. అందుకని మగవాళ్ల లైట్‌వెయిట్ ఫోర్ (నలుగురు నడిపే పడవ) తీసేసి, ఆ చోట బరువు పరిమితి లేని ఆడవాళ్ల ఫోర్ పెట్టడానికి ఓటు వేశారు. 7-7 లెక్క కుదిరింది. నిర్ణయం న్యాయమైనదే, అందులో అనుమానం లేదు. కానీ దాని ఖర్చంతా లైట్‌వెయిట్ ఖాతాలో పడింది. మూడు పోటీల విభాగం రెండుకు తగ్గింది. తగ్గిన దాన్ని తుడిచేయడం ఎంత తేలికో 2023 అక్టోబరులో ముంబయిలో జరిగిన అంతర్జాతీయ ఒలింపిక్ కమిటీ సమావేశాల్లో కనిపించింది. మన టీవీలన్నీ ఒలింపిక్స్‌లోకి క్రికెట్ వస్తోందని సంబరపడుతున్న రోజుల్లోనే లైట్‌వెయిట్ రోయింగ్ స్థానంలో సముద్రతీరంలో జరిగే రోయింగ్ పందెం, బీచ్ స్ప్రింట్, రావడం ఖరారైంది.

తీసేసినవాళ్ల వాదన ఇది: బరువు తరగతులు కుస్తీలాంటి పోరాట క్రీడలకు, వెయిట్‌లిఫ్టింగ్‌కు చాలు. చిన్న శరీరాలున్న దేశాలకు దారి ఇద్దామని 1996లో లైట్‌వెయిట్ పెడితే, ఆడవాళ్ళ 8 స్వర్ణాలూ యూరప్‌కే పోయాయి. రొమేనియాకు 3, నెదర్లాండ్స్‌కు 2, బ్రిటన్‌కు 2, ఇటలీకి 1. పైగా బరువు దించుకునే క్రమంలో అమ్మాయిల ఆరోగ్యం దెబ్బతింటోంది.

ఈ చివరి మాట నిజం. చాలినంత తినకుండా కఠినమైన శిక్షణ చేస్తే నెలసరి ఆగిపోతుందని, ఎముకలు బలహీనపడతాయని డాక్టర్లు చెబుతూనే ఉన్నారు. కానీ గ్రాంట్ గెలిచిన ఐదు రోజులకే, అదే పారిస్‌లో, 100 గ్రాములు ఎక్కువైందని వినేశ్ ఫోగట్‌ను ఫైనల్‌కు ముందు పక్కన పెట్టారు. అయినా కుస్తీలో బరువు తరగతులు తీసేయలేదు. సిడ్నీలో మన కరణం మల్లీశ్వరి కాంస్యం తెచ్చింది 69 కిలోల తరగతిలో. ఆ గీత లేకుండా అందరితో కలిపి పోటీ పెట్టి ఉంటే ఆ పతకం వచ్చేదా?

పతకాల లెక్క ఒకటే చూస్తే మన వైపు సంగతి కనిపించదు. 2012 ఒలింపిక్స్‌కు వెళ్లిన భారత పడవల్లో ఒకటి, టోక్యోకు వెళ్లిన ఒకే ఒక్క పడవ మగవాళ్ల లైట్‌వెయిట్ డబుల్స్ దారిలోనే వెళ్లాయి. టోక్యోలో అర్జున్ లాల్ జాట్, అర్వింద్ సింగ్ 11వ స్థానం తెచ్చుకున్నారు. భారత మహిళ ఒక్కరు కూడా ఇంతవరకు ఒలింపిక్స్‌లో రోయింగ్ చేయలేదు. ఆసియా క్వాలిఫయర్‌లో ఆడవాళ్లకు ఉండేవి రెండే పోటీలు: బరువు పరిమితి లేకుండా ఒక్కరే పడవ నడిపే సింగిల్ స్కల్స్, లైట్‌వెయిట్ డబుల్. సింగిల్స్‌లో ఎదురుగా ఉండేది ఆరడుగులకు అటూ ఇటూగా ఉండి, 75 కిలోలు తూగే అమ్మాయిలు. ఐదడుగుల నాలుగంగుళాల నెల్లూరు అమ్మాయి బరువైతే పెంచుకోగలదు, చేతుల పొడవు ఎక్కణ్ణుంచి తెస్తుంది?

కొత్తగా వచ్చే బీచ్ స్ప్రింట్‌కు బరువు నియమం లేదు. ఇసుకలో పరిగెత్తి పడవ ఎక్కి, నీళ్లలో గుర్తుగా తేలే బోయల మధ్య మెలికలు తిరుగుతూ 250 మీటర్లు వెళ్లి, తిరిగొచ్చి మళ్ళీ పరిగెత్తాలి. చురుకుదనం ఉన్నవాళ్లకు కొంత ఆశ ఉంది, చెన్నైకి సముద్రమూ ఉంది. కానీ దానికి వాడే పడవ వేరు, అలల మీద నేర్పించే విద్య వేరు.

కాబట్టి తల్లిదండ్రులు ఒకరినొకరు అనుకోవడం ఆపి, సెలెక్షన్ చేసేవాళ్లను మూడు సంగతులు రాతపూర్వకంగా అడగాలి. ఏ పోటీ కోసం ఈ పిల్లలకు శిక్షణ ఇస్తున్నారు? బరువు పెంచమంటే దాన్ని చూసుకునే డాక్టర్ ఎవరు? ఇన్నాళ్లూ 59 లోపు ఉంచడానికి ఆ పిల్లలకు పెట్టిన తిండిని, వాళ్ల నెలసరిని ఎవరైనా ఎక్కడైనా నమోదు చేశారా?