పాలలో ఈస్ట్ కోసే తునకలు

పాలకు తోడు వేయడం ఒంగోలు, కందుకూరు వైపు రోజూ ప్రతి ఇంట్లో జరిగే పనే. తోడులో ఉండేది బ్యాక్టీరియా. దాని బదులు ఈస్ట్ వేస్తే? బేకరీ ఈస్ట్ అయితే పెద్దగా లాభం లేదు, పాలలోని లాక్టోజ్ చక్కెర దానికి అరగదు. క్లూయివెరోమైసెస్ మార్క్సియానస్ అనే ఈస్ట్‌కు మాత్రం అదే తిండి. పైగా 45 డిగ్రీల వేడిలోనూ పెరుగుతుంది. రోహిణి కార్తెలో మన ఎండలు తెలిసినవాళ్లకు ఈ గుణం విలువ వేరే చెప్పక్కర్లేదు. పాలు పులియబెట్టే ట్యాంకును చల్లబరిచే కరెంటు ఖర్చు తగ్గుతుంది.

అసలు కథ ప్రొటీన్ దగ్గర ఉంది. ఆవు పాల ప్రొటీన్‌లో సుమారు 80 శాతం కేసిన్. అందులో ఒక రకం బీటా కేసిన్. అది 209 పూసలు గుచ్చిన దండ లాంటిది. ఒక్కో పూస ఒక అమైనో ఆమ్లం. ఈస్ట్ ఎంజైములు ఆ దండను అక్కడక్కడా తెంపితే చిన్న తునకలు విడిపడతాయి. ఇవే పెప్టైడ్లు. దండలో ఉన్నంతసేపు వీటి ప్రభావం బయటపడదు. విడిపడ్డాక కొన్ని రోగనిరోధక కణాలను చురుగ్గా చేస్తాయి. 1980లలో తల్లిపాల కేసిన్ నుంచి 6 అమైనో ఆమ్లాల తునక ఒకటి వేరుచేశారు. అక్కడ కోసింది ఈస్ట్ కాదు, ట్రిప్సిన్ అనే ఎంజైము. ఆ తునక ఇచ్చిన ఎలుకలు క్లెబ్సియెల్లా బ్యాక్టీరియాను బాగా తట్టుకున్నాయి. అంత చిన్నదానికి అంత పని! నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే.

అయితే కోత ఎక్కడ ఆపాలన్నదే కష్టం. తక్కువ కోస్తే తునకలు రావు. మరీ ఎక్కువ కోస్తే విడి అమైనో ఆమ్లాలే మిగులుతాయి, అవి మామూలు పోషణకే పనికొస్తాయి. మధ్యలో చేదు ఒకటి: కేసిన్ తునకలు చాలావరకు చేదుగా ఉంటాయి. అందుకే పులుస్తున్న పాల నుంచి మధ్యమధ్యలో శాంపిల్ తీసి, పులుపు, తునకల సైజు చూస్తూ, సరైన దశలో వేడిచేసి ఎంజైములను ఆపేయాలి.

ఇంత శ్రమపడి చేసిన పాలపై ‘ఇమ్యూనిటీ పెంచుతుంది’ అని లేబుల్ వేయడం మాత్రం తొందరపాటే. మన పేగుల్లోనూ ప్రొటీన్లను కోసే ఎంజైములున్నాయి. తునక వాటిని దాటి బతకాలి. ఎలుకల్లో కనిపించింది మనుషుల్లోనూ కనిపించాలి. ఏ పెప్టైడ్, ఎన్ని మిల్లీగ్రాములు అన్నది రాయని డబ్బాను నేనైతే నమ్మను. పాల ప్రొటీన్ అలర్జీ ఉన్న పిల్లలకు అసలే పట్టకూడదు. కోత తర్వాత మిగిలిన పెద్ద తునకలు చాలు, ఒళ్లంతా దద్దుర్లు రావడానికి.