నడుస్తుందన్న మాటా చాలదు, నడవదన్న మాటా చాలదు: పాత మోడల్ రైలింజన్ల మీద అపోహలు – వాస్తవాలు

గుంతకల్లులో పుట్టినవాళ్లకు రైలింజను కొత్త కాదు. నిద్రలో కూత వింటూ పెరిగినవాళ్లం. నా పని మాత్రం మిక్సీలు, ఫ్యాన్లు, బోరు మోటార్ల వైండింగు. కొన్నేళ్ల కింద రైల్వే క్వార్టర్స్ నుంచి ఒక పెద్దాయన టిఫిన్ డబ్బాలో పాత గుడ్డ చుట్టి జానెడు ఇంజను తెచ్చి నా బల్ల మీద పెట్టినాడు. "గుత్తి షెడ్డులో అసలు ఇంజన్లే బాగు చేసినాను నాయనా, ఇది మాత్రం నా చేతికి లొంగలేదు" అన్నాడు. ఆ రోజు చక్రాల వెనక పేరుకున్న మురికి తీసి, గట్టిపడిన గ్రీజు కడిగి, రెండు కార్బన్లు (మోటారులో తిరిగే భాగానికి కరెంటు అందించే చిన్న బొగ్గు ముక్కలు) మార్చినాను. అంతే, అది కదిలింది. ఆయన ముఖం చూసిన తర్వాత ఈ పనిని పక్కన పెట్టలేకపోయినాను.

ఇప్పుడు అనంతపురం, కడప, బెంగళూరు నుంచి కూడా పాత మోడల్ ఇంజన్లు వస్తుంటాయి. ఎక్కువ భాగం హెచ్.ఓ. స్కేలువి, అంటే అసలు ఇంజనులో 87వ వంతు. మన డబ్ల్యూ.డి.ఎం. 2 డీజిలింజను పొడవు 17 మీటర్ల పైన. ఈ లెక్కన అది 20 సెంటీమీటర్ల లోపు బొమ్మ అవుతుంది. తెచ్చేవాళ్లు చెప్పే మాటలు రెండే: "నడుస్తుందన్నా", "నడవదన్నా". ఈ రెండు మాటల మీదే డబ్బు చేతులు మారుతుంది. రెండిట్లో ఏదీ ఇంజను గురించి పెద్దగా చెప్పదు.

"పట్టాల మీద పెడితే కదల్లేదు, మోటారు పోయింది"

నేను ఎక్కువగా వినే మాట ఇదే, ఎక్కువగా తప్పయ్యేదీ ఇదే. పట్టాల్లోని కరెంటు మోటారు దాకా చేరాలంటే చాలా గడపలు దాటాలి. పట్టా నుంచి చక్రం, చక్రం వెనక రాసుకునే సన్నటి రాగి రేకు, అక్కడి నుంచి వైరు, కార్బన్లు, ఆ కార్బన్లు రాసుకునే రాగి ముక్కల చక్రం, అంటే కమ్యుటేటర్. ఏ గడప దగ్గర మురికి అడ్డుపడినా ఇంజను కదలదు. మోటారు నిక్షేపంగా ఉంటుంది.

అందుకే ముందు పైతొడుగు తీసి, 9 వోల్టుల బ్యాటరీ నుంచి రెండు వైర్లు నేరుగా మోటారు కొసలకు తాకించండి. తిరిగితే మోటారుకు ఏమీ కాలేదు, లోపం కరెంటు వచ్చే దారిలో ఉంది. చక్రాలు, రాగి రేకులు శుభ్రం చేస్తే సగం ఇంజన్లు అక్కడే లేచి కూర్చుంటాయి.

తిరగకపోతే షాఫ్టును వేలితో తిప్పి చూడాలి. బిగుసుకుపోయి ఉంటే అది పాత గ్రీజు పని. ఏళ్ల తరబడి అల్మారా పైన పడి ఉన్న ఇంజనులో గ్రీజు ముదురు పాకంలాగా గట్టిపడుతుంది. ఆ స్థితిలో కరెంటు గట్టిగా ఇచ్చి తిప్పాలని చూస్తే, అప్పటిదాకా బాగున్న మోటారు నిజంగానే కాలిపోతుంది.

షాఫ్టు వదులుగా తిరుగుతూ, కరెంటు ఇస్తే ఉలుకూ పలుకూ లేకపోతే అప్పుడు కార్బన్లు తీసి మల్టీమీటరు పట్టుకోవాలి. మూడు పోళ్ల, అంటే మూడు తీగ చుట్టలున్న మోటారు కమ్యుటేటర్ మీద మూడు రాగి ముక్కలుంటాయి. పక్కపక్క ముక్కల మధ్య ఓములు కొలవండి. మూడు కొలతలూ ఇంచుమించు ఒకటే రావాలి. ఒకటి మిగతా రెండిటికీ రెట్టింపు వస్తే ఆ రెండు ముక్కల మధ్య చుట్ట తెగినట్టు. మూడింటిలో ఒకటి బాగా తగ్గితే లోపల చుట్టలు షార్టయినట్టు. ఈ కొలతలు తీసుకోకుండా "మోటారు పోయింది" అనే హక్కు ఎవరికీ లేదని నేను నమ్ముతాను, వైండింగు మేస్త్రీలతో సహా.

కొలతలు సమానంగా ఉంటే కమ్యుటేటర్‌ను ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి, ముక్కల మధ్య సందుల్లో ఇరుక్కున్న కార్బన్ పొడిని పుల్లతో గీకి తీయండి. నల్లటి గీత పోయి రాగి మెరుపు కనబడాలి.

"12 వోల్టులే కదా, బైకు బ్యాటరీకి తగిలించి చూస్తే సరి"

వోల్టులు సరే, ఆంపియర్ల సంగతేమిటి? ఇంజనులో ఎక్కడైనా షార్టు ఉంటే బైకు బ్యాటరీ పదుల ఆంపియర్లు తోసేస్తుంది, ఆపేది ఏదీ ఉండదు. వెంట్రుక మందం వైర్లు క్షణంలో కరిగిపోతాయి, చుట్టూ ప్లాస్టిక్కు కూడా. ఒకసారి అలా కాలి వచ్చిన ఇంజను చూసినాను. షార్టు జరిగింది ఒక వంగిన రాగి రేకు వల్ల. బ్యాటరీకి తగిలించక ముందు తెచ్చి ఉంటే రెండు నిమిషాల పని.

దీనికి ఖరీదైన పరికరమేమీ అక్కర్లేదు. ఆటోమొబైల్ అంగట్లో దొరికే 12 వోల్టుల, 21 వాట్ల బ్రేకు లైటు బల్బు ఒకటి తెచ్చి, ఇంజనుకు వెళ్లే ఒక వైరు మధ్యలో సిరీస్‌లో కలపండి. ఇంజను మామూలుగా నడుస్తుంటే బల్బు వెలగదు, లేదా ఎర్రగా మినుకుమంటుంది. షార్టు ఉంటే బల్బు భగ్గున వెలుగుతుంది, కరెంటు 1.75 ఆంపియర్లు దాటదు. చిన్న ఇంజన్లకు 10 వాట్ల ఇండికేటర్ బల్బు ఇంకా మంచిది, అది 0.8 దగ్గర ఆపుతుంది. వేగం తగ్గించి పెంచే వీలున్న సప్లై ఉంటే దాన్నే వాడండి, సున్నా నుంచి మెల్లగా పెంచండి. బల్బు మాత్రం తీయొద్దు.

"అమ్మినాయన నా కళ్ల ముందే నడిపి చూపించినాడు"

రెండడుగుల పట్టా మీద అర నిమిషం పరుగెత్తించడం పరీక్ష కాదు. ఫుల్ స్పీడులో ఏ జబ్బూ బయటపడదు. ఇంజనును అడగాల్సింది మెల్లగా నడవమని. నడక వేగంలో, ముందుకూ వెనక్కూ, కనీసం పదేసి నిమిషాలు, మలుపులోనూ, పట్టాలు చీలే పాయింట్ల మీదా. అప్పుడు చెవి పెట్టి వినండి.

చక్రం ఒక చుట్టు తిరిగినప్పుడల్లా "టక్" అని ఒకే చోట తడబడుతుంటే ఇరుసు మీది ప్లాస్టిక్కు గేరు చీలిందని అనుమానించాలి. ఉక్కు ఇరుసు మీద బిగువుగా దించిన గేరు ఏళ్ల ఒత్తిడికి మధ్య బెజ్జం దగ్గర సన్నగా పగులుతుంది. ఆ పగులు దగ్గర రెండు పళ్ల మధ్య దూరం పెరిగి, ఎదుటి పన్ను సరిగా పడదు. పగులు కంటికి కనబడదు, భూతద్దం కింద గోరుతో నొక్కితే తెరుచుకుంటుంది. చాలామంది క్విక్ ఫిక్స్ గమ్ము పెట్టి తెస్తారు. ఆ జాతి జారుడు ప్లాస్టిక్కుకు గమ్ము పట్టదు, పట్టినా పళ్ల మధ్య దూరం సరికాదు. గేరు మార్చడమొక్కటే దారి. కొనేముందు ఆ గేరు విడిగా దొరుకుతుందో లేదో విచారించుకోండి, బేరం దాని మీద ఆధారపడుతుంది.

కీచుమంటే బుష్, అంటే షాఫ్టు తిరిగే చిన్న లోహపు గొట్టం, ఎండింది, అది సులువు. ఆవిరింజను కుంటుతూ ఒకచోట పట్టేస్తుంటే ఏదో ఒక చక్రం ఇరుసు మీద జారింది. కుడివైపు, ఎడమవైపు కడ్డీలు ఒకదానికొకటి పావు చుట్టు తేడాతో ఉండాలి. అన్ని ఇరుసుల మీదా ఆ తేడా ఒకటే కావాలి.

చెవి తర్వాత మీటరు. ఆంపియర్ల రేంజిలో సిరీస్‌లో పెట్టి చూడండి. నా బల్ల మీద కొత్తరకం మూసిన మోటార్లు ఖాళీగా నడిచేటప్పుడు 0.1 నుంచి 0.25 ఆంపియర్ల మధ్య తాగుతాయి. పాత తెరిచిన మోటార్లు అరదాకా పోతాయి, అది వాటి స్వభావం. చూడాల్సింది అంకె కంటే దాని నడత. పది నిమిషాల తర్వాత అంకె నిలకడగా ఉందా, ఎక్కుతూ పోతోందా? వేడెక్కే కొద్దీ ఎక్కుతుంటే, చుట్ట తీగ మీది ఎనామెలు పూత కాలిన వాసన తగులుతుంటే, అక్కడే ఆపేయండి. అది నడుస్తున్న ఇంజనే, కానీ ఎక్కువ రోజులు నడవదు.

"ఇంట్లో ఉన్న నూనె రెండు చుక్కలు వేస్తే చాలు"

మన ఇండ్లలో కీచుమన్న ప్రతిదానికీ కొబ్బరినూనే మందు. తలుపు బందులకు సరే గానీ ఇంజనుకు వద్దు. అనంతపురం జిల్లా మార్గశిరం చలికి సీసాలో గడ్డకట్టే నూనె, గేర్ల మధ్య గడ్డకట్టదా? ఎండాకాలం కరిగి పారుతుంది, దుమ్ము పట్టి జిగురవుతుంది. తుప్పు వదిలించే స్ప్రేలు ఇంకా చెడ్డవి. పాత నూనెనూ కడిగేసి, తాము ఆవిరైపోయి, బుష్‌ను ఎండబెట్టి పోతాయి.

బుష్‌కు ప్లాస్టిక్కును తినని పల్చటి నూనె, గేర్లకు అలాంటిదే గ్రీజు. ఎంత? సూదిమొనకు అంటినంత. నూనె ఎక్కువైతే పాకుతూ కమ్యుటేటర్ మీదికి చేరుతుంది, కార్బన్ పొడితో కలిసి నల్లటి ముద్దవుతుంది. ఆ ముద్ద కరెంటును పక్క ముక్కకు దాటిస్తుంది. నూనె లేక చచ్చిన మోటార్ల కంటే నూనెలో మునిగి చచ్చినవే నా దగ్గరికి ఎక్కువ వచ్చినాయి.

"అమెరికా నుంచి ట్రాన్స్‌ఫార్మర్‌తో సహా పంపినారు, ప్లగ్గు పెట్టేయడమే"

దయచేసి ఆగండి. అక్కడి పవర్ ప్యాకు 120 వోల్టులకు చేసింది, మన గోడలో 230. ప్లగ్గు తల మార్చే అడాప్టరు వోల్టేజిని మార్చదు. నేరుగా పెడితే ట్రాన్స్‌ఫార్మర్ కాలుతుంది, ఇంట్లో నిప్పు కూడా రాజుకోవచ్చు. వెనక రాసిన ఇన్‌పుట్ అంకె చదవండి. 120 ఉంటే తగిన వాట్ల స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ కొనండి, లేదా ఆ ప్యాకును పక్కనబెట్టి ఇక్కడి 12 వోల్టుల డి.సి. సప్లై వాడండి. పిల్లల చేతికి ఇచ్చే వస్తువు ఇది. వైరు పైపొర పగిలిన పాత ప్యాకును, ఏ దేశానిదైనా, నేను బాగు చేసి ఇవ్వను, వద్దనే చెబుతాను.

"మొత్తం విప్పి శుభ్రం చేస్తే కొత్తదవుతుంది"

ఇది నేను చేసిన తప్పు, అందుకే వివరంగా చెప్పాలి. మిక్సీ మోటారులో శాశ్వత అయస్కాంతం ఉండదు, ఫీల్డు కాయిలే ఉంటుంది. ఆర్మేచర్, అంటే లోపల తిరిగే చుట్టల భాగం, తీసి నెల రోజులు పక్కన పెట్టినా దానికి నష్టం లేదు. ఆ అలవాటుతోనే ఒక పాత బ్రిటిష్ ఇంజను మోటారు విప్పి, ఆర్మేచర్ లాగేసి, అయస్కాంతాన్ని ఒట్టిగా వదిలేసినాను. మళ్లీ బిగిస్తే ఇంజను ముందుకంటే వేగంగా తిరిగింది, కానీ రెండు పెట్టెలు కూడా లాగలేదు, చేయి కాలేంత వేడెక్కింది.

పాత మోటార్లలో వాడింది ఆల్నికో అయస్కాంతం. దాని రెండు ధ్రువాల మధ్య ఇనుము తీసేస్తే బలం కొంత ఒలికిపోతుంది, తిరిగి పెట్టినా రాదు. మళ్లీ అయస్కాంతీకరణ చేయించాల్సిందే. ఆర్మేచర్ తీయక తప్పకపోతే, తీస్తూ తీస్తూనే ఆ చోట మెత్తని ఇనుప ముక్క జరపాలి. ఫెరైటు, నియోడిమియం అయస్కాంతాల కొత్త మోటార్లకు ఈ భయం లేదు. కానీ మీ ముందున్నది ఏదో తెలిసేదాకా ఆర్మేచర్ జోలికి పోవద్దు. ఆ ఇంజను సొంతదారుకు నిజం చెప్పి, వేరే మోటారు నా ఖర్చుతో వేసిచ్చినాను.

"వెనక్కి పోవడం లేదు, రిపేరుంది"

జర్మనీ మార్క్‌లిన్ వాళ్ల పాత హెచ్.ఓ. ఇంజన్లయితే అది రిపేరు కాకపోవచ్చు. అవి ఏ.సి. మీద నడుస్తాయి. లోపలిది మన మిక్సీ జాతి మోటారే. వైర్లు అటూ ఇటూ మార్చినంత మాత్రాన దిశ మారదు. 24 వోల్టుల చిన్న ఝటకా ఇస్తే లోపలి రిలే తిరగబడి దిశ మారుస్తుంది. చక్రాల మధ్య ఇన్సులేషన్ కూడా ఉండదు, రెండు పట్టాల డి.సి. లైనులో పెడితే నేరుగా షార్టే. కింద మధ్యలో పొడవాటి లోహపు పట్టీ కనబడితే ఆ జాతి అని గుర్తు. ఒక వైరు ఆ పట్టీకి, రెండోది బాడీకి పెట్టి పరీక్షించాలి. మామూలు డి.సి. ఇంజనుకు ఏ.సి. ఇస్తే మాత్రం అక్కడే వణికి కాలిపోతుంది.

డి.సి.సి. డికోడర్, అంటే పట్టాల మీదుగా వచ్చే డిజిటల్ ఆదేశాలు చదివే చిన్న సర్క్యూటు, ఉన్నవాటి సంగతి వేరు. మామూలు డి.సి. మీద కదలకపోతే పాడైందనుకుంటారు. డికోడర్ సెట్టింగుల్లో (వాటిని సి.వి.లంటారు) 29వ దాంట్లో డి.సి. మీద నడిచే వీలును పాత యజమాని ఆపేసి ఉండొచ్చు. డి.సి.సి. లైను మీద పలకకపోతే అడ్రసు మార్చి ఉండొచ్చు, ఫ్యాక్టరీ నుంచి వచ్చేది 3. చాలా డికోడర్లలో సి.వి. 8లో 8 రాస్తే మొదటి స్థితికి వస్తాయి. అది చేసి చూడకుండా డికోడర్ పీకేయకండి.

మరికొన్ని, క్లుప్తంగా

గరుకు కాగితంతో చక్రాలు రుద్దితే మెరుస్తాయి, ఆ గీతల్లోనే రేపు ఇంకా మురికి దాక్కుంటుంది. ఆల్కహాల్‌లో తడిపిన గుడ్డ పట్టాల మీద పరిచి, సగం చక్రాలు దాని మీద తిరిగేటట్టు పట్టుకుంటే చాలు. స్టీలు పీచు అసలే వద్దు, దాని పోగులు అయస్కాంతానికి పట్టుకుంటాయి.

"బ్రాడ్‌గేజ్ ఇంజనుకు చక్రాలు ఇంత దగ్గరా, ఇది నకిలీ" అంటారు. హెచ్.ఓ. పట్టాల మధ్య దూరం 16.5 మి.మీ., అది 1435 మి.మీ. గేజికి లెక్క. మన బ్రాడ్‌గేజ్ 1676కు 19 మి.మీ. పైన కావాలి. అందరి పట్టాల మీదా నడవాలని 16.5కే చేస్తారు, నకిలీ కాదు.

ఒరిజినల్ డబ్బా ఉంటే ఇంజను భద్రమని కాదు. లోపలి పాత స్పాంజి కుళ్లి, జిగురై రంగుకు అంటుకున్నవి చూసినాను.

"ఎంత ఖర్చయినా సరే, బాగు కాని ఇంజను ఉండదు"

ఉంటుంది. పోతపోసిన జింకు మిశ్రమంలో సీసంలాంటి మలినాలు కలిస్తే, ఆ లోహం ఏళ్ల మీద లోపల్నుంచే ఉబ్బి, ఎండిన చెరువు నేలలా నెర్రెలు బారుతుంది. తేమ, వేడి దాన్ని తొందర పెడతాయి. ఛాసీ వంగి, గోటితో గీకితే పొడి రాలుతుంటే ఏ గమ్మూ, ఏ టంకమూ నిలబెట్టలేవు. నిరుడు కడప నుంచి ఒకాయన నాన్నగారి ఇంజను అలాంటిదే తెచ్చినాడు. మోటారు, చక్రాలు, పైతొడుగు విడదీసి, శుభ్రం చేసి, ఒక్కోటి కాగితంలో చుట్టి ఇచ్చినాను. అదే మోడల్ మంచి ఛాసీ ఎక్కడన్నా దొరుకుతుందేమోనని ఇద్దరమూ వెతుకుతున్నాము.