గాడోలినియం కాంట్రాస్ట్: కిడ్నీల భయం, మిగతా అపోహలు

"ఆ ఇంజక్షన్ లేకుండా తీయలేరా డాక్టర్ గారూ? కిడ్నీలు పోతాయంటున్నారు."

కాంట్రాస్ట్ ఎమ్మారై, అంటే లోపలి భాగాలు స్పష్టంగా కనబడేలా గాడోలినియం మందు ఎక్కించి తీసే స్కాన్, రాసిన చీటీతో వచ్చేవాళ్లలో చాలామంది ఇదే అడుగుతారు. ఎవరంటున్నారయ్యా అంటే పేరు చెప్పరు. ఎవరో అన్నారు, గ్రూపులో ఏదో వచ్చింది, అంతే. రేడియాలజిస్టుగా విని విని విసుగొచ్చిన మాట ఇది. నష్టం కూడా దీనివల్లే ఎక్కువ, కాబట్టి ముందు దీని సంగతి చూద్దాం.

అపోహ: గాడోలినియం కిడ్నీలను పాడుచేస్తుంది

రెండు వేర్వేరు విషయాలు కలిసిపోయి ఈ భయం పుట్టింది. ఒకటి సీటీ స్కాన్. సీటీలో వేసేది అయోడిన్ కాంట్రాస్ట్, కిడ్నీ జాగ్రత్తలు ఎక్కువగా చెప్పేది దాని గురించే. ఎమ్మారైలో వేసే గాడోలినియం పూర్తిగా వేరే మందు. మోతాదు కిలో బరువుకు 0.1 మిల్లీమోల్. అంటే 70 కిలోల మనిషికి చాలా రకాల్లో 14 మిల్లీలీటర్లు, గాఢత రెట్టింపు ఉండే గాడోబ్యూట్రాల్ అయితే 7. ఆ మాత్రానికి కిడ్నీలు పోతాయని భయపడక్కర్లేదు.

రెండోది నెఫ్రోజెనిక్ సిస్టమిక్ ఫైబ్రోసిస్, ఎన్ఎస్ఎఫ్. ఇది పుకారు కాదు, నిజంగా జరిగింది. చర్మం గట్టిపడి బిగుసుకుపోయేది, కీళ్లు వంగేవి కావు, కొందరి ప్రాణాలే పోయాయి. గాడోలినియంతో దీనికి సంబంధం ఉందని 2006లో బయటపడింది. 2007లో అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ ఈ మందుల మీద గట్టి హెచ్చరిక పెట్టించింది.

అందరూ తలకిందులుగా అర్థం చేసుకునేది ఇక్కడే. ఎన్ఎస్ఎఫ్‌లో గాడోలినియం కిడ్నీలను చెడగొట్టలేదు. అప్పటికే చెడిపోయిన కిడ్నీలు గాడోలినియాన్ని బయటికి పంపలేకపోయాయి. ఆ జబ్బు వచ్చింది డయాలసిస్ మీద ఉన్నవాళ్లకి, ఆ దరిదాపుల్లో ఉన్నవాళ్లకి, ఉన్నట్టుండి కిడ్నీలు ఫెయిలైనవాళ్లకి.

గాడోలినియం ఒక లోహం, విడిగా ఉంటే విషమే. అందుకే దాన్ని ఇంకో అణువులో బంధించి ఇస్తారు. లీనియర్ రకంలో ఆ అణువు లోహాన్ని చుట్టుకుని ఉంటుందంతే, మాక్రోసైక్లిక్ రకంలో మాత్రం తలుపు లేని పంజరంలా అన్ని వైపులా మూసేస్తుంది. కిడ్నీలు బాగుంటే ఒంట్లోని మందులో సగం సుమారు రెండు గంటల్లోనే పోతుంది, ఒక రోజులో దాదాపు అంతా మూత్రంలో వెళ్లిపోతుంది. కిడ్నీలు పనిచేయకపోతే రోజుల తరబడి ఒంట్లోనే తిరుగుతుంది. అంతసేపు తిరిగితే లీనియర్ రకంలో పట్టు వదులవుతుంది. అప్పటి కేసుల్లో ఎక్కువ గాడోడయమైడ్ లాంటి లీనియర్ మందులతో వచ్చినవే.

గాడోటెరేట్, గాడోబ్యూట్రాల్, గాడోటెరిడాల్ మాక్రోసైక్లిక్ మందులు. ఇలాంటి సురక్షితమైన రకాలతో ఎన్ఎస్ఎఫ్ ముప్పు అతి స్వల్పమని, స్కాన్ నిజంగా అవసరమైతే ఈజీఎఫ్ఆర్ (కిడ్నీలు ఎంత బాగా వడకడుతున్నాయో చెప్పే లెక్క) 30 లోపు ఉన్నా, అంటే కిడ్నీలు బాగా దెబ్బతిన్నా ఆపకూడదని అమెరికన్ కాలేజ్ ఆఫ్ రేడియాలజీ, నేషనల్ కిడ్నీ ఫౌండేషన్ కలిసి 2020లోనే చెప్పాయి. డయాలసిస్‌లో ఉన్నవాళ్లకి స్కాన్ కాగానే డయాలసిస్ పడేలా టైము చూసుకుంటే చాలు.

ఒకాయనకి షుగర్, కిడ్నీల పనితీరు తెలిపే క్రియాటినిన్ 1.6. నడుం నొప్పి, జ్వరం. వెన్నుపూసల్లో ఇన్ఫెక్షన్ అని అనుమానం. కొడుకు ఫోన్ నా ముందు పెట్టి, 2007 నాటి హెచ్చరిక చూపించి, ఇంజక్షన్ వద్దన్నాడు. ఈజీఎఫ్ఆర్ 50కి కాస్త తక్కువంతే, ఆ హెచ్చరిక మీ నాన్నగారికి వర్తించదు బాబూ అని చెప్పినా వినలేదు. ప్లెయిన్ స్కాన్‌లో ఇన్ఫెక్షన్ ఉందని తెలిసింది కానీ, వెన్నుపాము పక్కన ఉన్నది చీము గడ్డా, ఒట్టి వాపా అన్నది తేల్చలేకపోయాను. కాంట్రాస్ట్ వేస్తే వాపు మొత్తం వెలుగుతుంది, చీము గడ్డకైతే చుట్టూ అంచు మాత్రమే వెలిగి మధ్యలో నల్లగా ఉంటుంది. సర్జన్‌కి కావాల్సింది ఆ తేడానే. కాళ్లలో బలం తగ్గాక మళ్లీ తీసుకొచ్చారు. ఈసారి వేసి తీస్తే గడ్డ స్పష్టంగా కనబడింది, ఆపరేషన్ అయింది. ఆయన నడిచారు, కాకపోతే చాలా ఆలస్యంగా. ఆ అబ్బాయిని ఏమీ అనలేను. తండ్రికి ఏమవుతుందోనన్న టెన్షన్‌లోనే అదంతా చదివాడు. నా కోపం ఆ పాత హెచ్చరికని తలా తోకా లేకుండా ఫార్వర్డ్ చేసేవాళ్ల మీద.

అపోహ: మెదడులో పేరుకుపోయి పిచ్చెక్కిస్తుంది

పేరుకోవడం నిజం, పిచ్చెక్కించడం అబద్ధం. చాలాసార్లు కాంట్రాస్ట్ వేయించుకున్నవాళ్ల మెదడులో కొన్ని చోట్ల దాని ఆనవాళ్లు కనబడుతున్నాయని 2014లో జపాన్ రేడియాలజిస్టులు గమనించారు. లీనియర్ రకాలతో ఇది ఎక్కువ. అందుకే 2017లో యూరప్ వాటిలో కొన్నిటిని ఆపేసింది. దానివల్ల మెదడుకి హాని జరిగిందని ఇప్పటిదాకా రుజువు కాలేదు. అయినా అవసరం లేకుండా వేయకూడదన్నదే నా మాట. డిస్కు జారిందా, మోకాలి లిగమెంట్ తెగిందా అని చూడ్డానికి సాధారణంగా కాంట్రాస్ట్ అక్కర్లేదు. మల్టిపుల్ స్క్లెరోసిస్ (మెదడు, వెన్నుపాముల నరాల పొరను దెబ్బతీసే జబ్బు) లాంటి వాటితో పదేపదే స్కాన్లు తీయించుకునేవాళ్లు "ఈసారి తప్పదా?" అని ధైర్యంగా అడగండి. గాడోలినియాన్ని కడిగేస్తామంటూ డీటాక్స్ డ్రిప్పులు అమ్మేవాళ్ల దగ్గరికి మాత్రం వెళ్లకండి.

మిగతావి గబగబా

రొయ్యలు పడకపోయినా, సీటీ కాంట్రాస్ట్ పడకపోయినా గాడోలినియం వద్దనాల్సిన పని లేదు, చెప్పి ఉంచితే చాలు. ఇందులో రేడియేషన్ లేదు. పాలిచ్చే తల్లులు పాలు పిండి పారబోయక్కర్లేదు. మందులో పాలలోకి వచ్చేది 0.04 శాతం లోపే, అందులోనూ బిడ్డ ఒంటికి పట్టేది నూటికి ఒక వంతు కంటే తక్కువ. గర్భిణుల విషయంలో మాత్రం భయంలో అర్థముంది, మరీ తప్పకపోతే తప్ప వేయం.

ఇంతకుముందు గాడోలినియం వేసినప్పుడు దద్దుర్లు, ఆయాసం లాంటివి వచ్చి ఉంటే టేబుల్ ఎక్కకముందే చెప్పండి. పాత ఫిల్ములతో పాటు అప్పటి రిపోర్టు కూడా తెండి. ఏ మందు వేశారో అందులో రాసి ఉంటే ఈసారి వేరేది ఎంచుకుంటాం.