ముడి విప్పే పోగు

ప్రియమైన పిల్లలకు,

చుక్క ద్రవంలో ఫలానా డీఎన్ఏ వరుస ఉందో లేదో కరెంటుతో ఎలా కనిపెడతారని అడిగారు కదా, చెబుతాను.

డీఎన్ఏ పోగులో ఎ, టి, జి, సి అనే నాలుగు రసాయన అక్షరాలు వరుసగా ఉంటాయి. వాటిలో ఎ ఎదురుగా టి, జి ఎదురుగా సి జతకడతాయి. మనం వెతికే వరుసకు సరిగ్గా జత కుదిరే చిన్న పోగును తయారు చేసుకుంటే, అదే వెళ్లి దాన్ని పట్టుకుంటుంది. ఈ పోగును ప్రోబ్ అంటారు. దీనికి 20 అక్షరాలు చాలు. అంత చిన్నది ఎలా సరిపోతుందని అనుమానం వస్తే లెక్క వేయండి. ఒక్కో చోట 4 అక్షరాల్లో ఏదైనా ఉండొచ్చు కాబట్టి, 20 చోట్లకు లక్ష కోట్లకు పైగా వరుసలు వస్తాయి. మనిషి జీనోమ్‌లో, అంటే మొత్తం డీఎన్ఏలో ఉన్న అక్షరాల జతలు దాదాపు 300 కోట్లే!

ప్రోబ్ ఒక కొసకు గంధకం తగిలించి బంగారు బిళ్ల మీద నాటుతారు. గంధకం బంగారాన్ని గట్టిగా పట్టుకుంటుంది. బిళ్ల రెండు మిల్లీమీటర్ల వెడల్పు ఉంటుందేమో, అంతే. దాన్ని ముందుగా అల్యూమినా పొడి వేసిన మెత్తటి గుడ్డ మీద, 8 అంకె దిద్దుతున్నట్టు తిప్పుతూ అద్దంలా మెరిసేదాకా రుద్దాలి. ఈ పనిలో తొందర పనికిరాదు.

ఇలా కరెంటు కొలిచే బిళ్లలాంటి దాన్ని ఎలక్ట్రోడ్ అంటారు. డీఎన్ఏ ఎలక్ట్రోడ్ దగ్గర కరెంటు సంకేతం ఇస్తుందని ఎమిల్ పాలెచెక్ అనే శాస్త్రవేత్త 1960లోనే చూపించారు. నాకు బాగా నచ్చిన పద్ధతి మాత్రం 2003లో వచ్చింది. అందులో ప్రోబ్ హెయిర్‌పిన్‌లా తన మీద తానే మడుచుకుని ఉంటుంది. రెండో కొసకు ఎలక్ట్రాన్లు ఇచ్చిపుచ్చుకునే అణువు ఒకటి కడతారు. మొదట ఫెర్రోసీన్ వాడారు, తర్వాత మిథిలీన్ బ్లూ బాగా వాడుకలోకి వచ్చింది. మడత వల్ల ఆ అణువు బంగారానికి దగ్గరగా ఉంటుంది కాబట్టి వోల్టేజీ మారుస్తూ పోతే గ్రాఫ్‌లో కొండలాంటి గీత లేస్తుంది. జత పోగు తగలగానే మడత విచ్చుకుంటుంది, అణువు దూరమవుతుంది, కొండ కుంగుతుంది.

అసలు కష్టం ఒక్క అక్షరం తేడాతో వస్తుంది. సికిల్ సెల్ జబ్బుకు కారణం బీటా గ్లోబిన్ జన్యువులో ఎ ఉండాల్సిన చోట టి ఉండటమే. అలా ఒక్క అక్షరం కుదరని జత కాస్త వేడికే ముందు విడిపోతుంది, దాన్నిబట్టి తేడా పట్టుకోవచ్చు. ఉప్పు సంగతి కూడా చూసుకోవాలి. రెండు పోగులవీ రుణావేశాలే కాబట్టి ఒకదాన్నొకటి తోసుకుంటాయి. ఉప్పులోని సోడియం అయాన్లు మధ్యలో చేరితేనే అవి కలిసి నిలుస్తాయి.

ఇంకొకటుంది. ప్రోబ్ బంగారం మీంచి ఊడిపోయినా కొండ కుంగుతుంది! అందుకే ఉప్పు లేని శుభ్రమైన నీటితో బిళ్లను కడుగుతారు. అతుక్కున్న పోగు వదిలిపోతుంది. మళ్లీ ఉప్పు ద్రవంలో ముంచి కొలిస్తే, కొండ మునుపటి ఎత్తుకు లేవాలి. లేచిందంటే, మనం వెతికే వరుస నిజంగానే దొరికినట్టు.

మీ
తాతయ్య