కాక్టస్ టు క్లౌడ్స్ ఎక్కాలనుకునే మన పిల్లల కోసం: అపోహలు - వాస్తవాలు

కాలిఫోర్నియాలోని పామ్ స్ప్రింగ్స్ ఊళ్లో ఆర్ట్ మ్యూజియం వెనక నుంచి ఒక కాలిబాట మొదలవుతుంది. అక్కడ ఎత్తు 500 అడుగుల లోపే. ఎడారి రాళ్లు, ముళ్లపొదల మధ్య మొదలై, పైన్ చెట్ల అడవి దాటి, 10,834 అడుగుల శాన్ హసింటో శిఖరం దాకా పోతుంది. దాన్నే కాక్టస్ టు క్లౌడ్స్ అంటారు. ఒక్క రోజులో పది వేల అడుగులకు పైగా ఎక్కాలి. కింద ఎండకు, పైన మంచుకు ఈ దారిలో ప్రాణాలు పోయాయి. వరంగల్, కరీంనగర్ వైపు నుంచి చదువులకు, ఉద్యోగాలకు వెళ్లిన పిల్లలు లాంగ్ వీకెండ్ వస్తే ఇప్పుడు ఈ కొండ పేరు ఎత్తుతున్నారు. వాళ్ల కోసం తెలుగులో ఒక గైడ్‌బుక్ రాస్తున్నాను. అక్కడ ఉద్యోగం చేసిన రోజుల నుంచి నాకు ఈ కొండ తెలుసు. ఇప్పుడు హనుమకొండలో ఉంటూ రాస్తుంటే, సెలవులకు వచ్చిన పిల్లలు, వాళ్ల అమ్మానాన్నలు కొన్ని మాటలు మళ్లీ మళ్లీ అంటుంటారు. అవి వినగానే నాకు భయమేస్తుంది.

అపోహ: "అన్నా, ఓరుగల్లు ఎండల్లో పెరిగినోళ్లం. ఆ ఎండ మమ్మల్ని ఏం చేస్తది?"

అన్నిటికంటే ప్రమాదకరమైన మాట ఇదే. ధైర్యంగా వినిపిస్తుంది కాబట్టి ఎవరూ కాదనరు. రామగుండంలో 45 డిగ్రీలు దాటితే ఎలా ఉంటుందో మనకు తెలుసు, నిజమే. పామ్ స్ప్రింగ్స్‌లో 2024 జులైలో 124 ఫారెన్‌హీట్ నమోదైంది, అంటే 51 డిగ్రీలు. కానీ అంకె ఒక్కటే చూస్తే సరిపోదు.

మన దగ్గర ఉక్కపోతలో చొక్కా తడిసి ఒంటికి అంటుకుంటుంది. ఎంత చెమట పోతున్నదో కంటికి కనిపిస్తుంది, వెంటనే నీళ్లు గుర్తొస్తాయి. ఆ ఎడారిలో గాలి ఎంత పొడిగా ఉంటుందంటే చెమట పుట్టగానే ఆవిరైపోతుంది. చొక్కా పొడిగానే ఉంటుంది. కాసేపటికి బ్యాగు పట్టీల అంచున, టోపీ చుట్టూ తెల్లగా ఉప్పు చారలు తేలతాయి. గంటకు లీటరు పైనే చెమట పోయి ఉండొచ్చు, మనిషికి మాత్రం తెలియదు.

రెండో సంగతి: ఒళ్లు ఎండకు అలవాటు పడటానికి వారం నుంచి రెండు వారాలు పడుతుంది. ఎండకు దూరమైతే ఆ అలవాటు కొన్ని వారాల్లోనే పోతుంది. వరంగల్‌లో పుట్టి పెరిగినా, ఏడాదిగా ఏసీ గదిలో, ఏసీ కారులో తిరిగే కుర్రాడి ఒళ్లు ఏసీకే అలవాటు పడి ఉంటుంది. పైగా వీపు మీద బరువుతో నిట్టనిలువు ఎక్కేటప్పుడు కండరాలు ఖర్చు చేసే శక్తిలో ముప్పావు వంతుకు పైగా వేడిగానే మారుతుంది. బయటి ఎండకు ఇది అదనం.

ఎండ సంగతి నిజంగా తెలిసినవాళ్లు మన ఊళ్లలోనే ఉన్నారు. ఎండాకాలం ఉపాధి హామీ పనికి వెళ్లేవాళ్లు తెల్లవారకముందే బయల్దేరి, ఎండ ముదరకముందే ఇల్లు చేరతారు. మిట్టమధ్యాహ్నం పలుగు పట్టరు. నా పుస్తకంలో ఎండ గురించి రాసిన మొదటి పేజీ వాళ్లను చూసి రాసిందే. జూన్ నుంచి సెప్టెంబర్ దాకా ఈ దారి పెట్టుకోవద్దని అందులో సూటిగా రాశాను.

అపోహ: జేబులో ఉల్లిగడ్డ ఉంటే వడదెబ్బ తగలదు.

జేబులోని ఉల్లిగడ్డ ఒంట్లోని వేడిని తీసేయలేదు. తినండి, మంచిదే. కానీ నీడకు, విశ్రాంతికి, నీళ్లకు అది బదులు కాదు. దీనికి తోడు ఇంకో మాట ఉంది: చెమట ఆగిపోతేనే వడదెబ్బ అని. కష్టపడి ఎక్కుతున్న మనిషికి చెమటలు కారుతుండగానే వడదెబ్బ తగలొచ్చు. చూడాల్సింది మాట తీరు. తికమకగా మాట్లాడుతున్నా, తూలుతున్నా, కారణం లేకుండా చిరాకు పడుతున్నా ఇక ఒక్క అడుగు కూడా ఎక్కించకండి. నీడలో పడుకోబెట్టి, ఉన్న నీళ్లతో ఒళ్లు తడిపి విసరండి, సాయానికి ఫోన్ చేయండి. స్పృహ సరిగా లేని మనిషి నోట్లో నీళ్లు పోయొద్దు.

అపోహ: నీళ్లు ఎంత తాగితే అంత మంచిది.

మ్యూజియం నుంచి 8,400 అడుగుల దగ్గరున్న లాంగ్ వ్యాలీ దాకా చుక్క నీరు దొరకదు. ఐదారు లీటర్లు మోయాల్సిందే, అంటే వీపు మీద ఐదారు కిలోలు. దారిలో ఎవరో దాచిన సీసాలను నమ్ముకుని బయల్దేరొద్దు. అవి ఇంకొకరి ప్రాణం కోసం పెట్టినవి, మీరు చేరేసరికి ఉంటాయో లేదో కూడా తెలియదు.

అయితే ఉప్పు లేకుండా ఉత్త నీళ్లు గటగటా తాగుతూ పోతే రక్తంలో సోడియం పడిపోతుంది. తలనొప్పి, వాంతులు, తికమక మొదలవుతాయి. చూసేవాళ్లు వడదెబ్బేమో అనుకుని ఇంకా నీళ్లు పట్టిస్తారు, దాంతో పరిస్థితి విషమిస్తుంది. దాహాన్ని బట్టి కొద్దికొద్దిగా తాగాలి, మధ్యమధ్య ఉప్పగా ఏదైనా తినాలి. ఇంటి నుంచి అమ్మ పంపిన సకినాలు ఇందుకు భేషుగ్గా పనికొస్తాయి. ఓఆర్ఎస్ ప్యాకెట్లు బరువుండవు, నాలుగు వేసుకోండి.

అపోహ: "పైకి పోతే చల్లగా ఉంటది. రోప్‌వే కూడా ఉంది. అలిసిపోతే అందులో దిగిరావొచ్చు."

ఇందులో సగం నిజం ఉంది, అదే ముంచుతుంది. 1963 నుంచి నడుస్తున్న రోప్‌వే అక్కడ ఉంది, దాన్ని ట్రామ్‌వే అంటారు. కానీ దాని పై స్టేషన్ 8,516 అడుగుల దగ్గర, లాంగ్ వ్యాలీ పక్కన ఉంది. అంటే ప్రమాదకరమైన దారంతా ఎక్కేశాక గానీ అది అందదు. మధ్యలో స్టేషన్ లేదు, రోడ్డు లేదు. పైగా ఏటా మెయింటెనెన్స్ కోసం కొన్నాళ్లు ఆపేస్తారు. బయల్దేరే ముందు చూసుకోకపోతే పైకి చేరాక చిక్కుకుపోతారు.

ఉదయం చల్లగా ఉంటుందన్న లెక్క కూడా తప్పే. ఎక్కే వాలు తూర్పు ముఖంగా ఉంటుంది కాబట్టి పొద్దు పొడిచిన క్షణం నుంచి ఎండ వీపు మీదే.

ఇక మధ్యలో, 5,000 అడుగుల దగ్గర అలిసిపోయి నిలబడ్డ మనిషిని ఊహించండి. మధ్యాహ్నం అవుతోంది. పైకి పోవాలంటే ఇంకా మూడు వేల అడుగులకు పైనే ఉంది, అందులోనూ ఆఖరి భాగమే అన్నిటికంటే నిటారు. కిందికి దిగాలంటే ప్రతి వెయ్యి మీటర్లకూ ఆరేడు డిగ్రీల చొప్పున పెరిగే వేడిలోకి, మిగిలిన అరలీటరు నీళ్లతో దిగాలి. రెండు వైపులా దారి ఉన్నట్టే ఉంటుంది గానీ ఒళ్లు ఏదీ తట్టుకోలేదు. అందుకే వెనక్కి తిరిగే నిర్ణయం ఇంకా ఓపిక ఉండగానే, కిందనే తీసుకోవాలి.

చలికాలంలో పోతే ఎండ గొడవ ఉండదంటారు. అప్పుడు లాంగ్ వ్యాలీకి ముందున్న అడ్డవాలు మీద మంచు గట్టిపడి గాజులా ఉంటుంది. వసంతంలోనూ కొంతకాలం అలాగే ఉంటుంది. కింద టీషర్ట్‌తో నడిచిన మనిషి పైన బూట్లకు ఇనుప ముళ్లు, చేతిలో ఐస్ యాక్స్ (మంచులో పట్టు దొరికే గొడ్డలి) లేకుండా ఆ వాలు దాటకూడదు. అవి ఉన్నా, వాడటం రాకపోతే ఉపయోగం లేదు.

అపోహ: గైడ్‌బుక్ అంటే దారి చెబితే చాలు, భయపెట్టే పేజీలు ఎందుకు?

నన్ను అడిగితే, ఇలాంటి కొండకు దారి కంటే ముందు రాయాల్సినవి వెనక్కి తిరగాల్సిన చోట్లు. నా పుస్తకంలో మొదటిది మైలు దూరంలో ఉన్న పిక్నిక్ బల్లలు. అక్కడికి సుమారు వెయ్యి అడుగులు ఎక్కుతారు. గంటన్నర దాటినా, లీటరు కంటే ఎక్కువ నీళ్లు తాగినా, జట్టులో ఒక్కరికి తల తిరిగినా అందరూ దిగిపోవాలి. "వీలైతే", "ఆలోచించుకోండి" లాంటి మాటలు అక్కడ రాయలేదు. అలిసిన మనిషికి అలాంటి మాటల్లో తనకు కావలసిందే కనిపిస్తుంది.

టైములు రాసేటప్పుడు గట్టిగా నడిచేవాళ్ల టైము రాయను. స్కాట్లాండ్ పర్వతారోహకుడు విలియం నైస్మిత్ 1892లో ఒక లెక్క ఇచ్చాడు: ఐదు కిలోమీటర్లకు గంట, ఎక్కే ప్రతి 600 మీటర్లకు ఇంకో గంట. ఆ లెక్కన లాంగ్ వ్యాలీకి చేరడానికే, ఎక్కడా ఆగకుండా, ఏడు గంటలు దాటుతుంది. అందులో ఎండ లేదు, బరువు లేదు, కూర్చుని ఊపిరి తీసుకోవడం లేదు. అవన్నీ కలిపి నెమ్మదిగా నడిచేవాళ్లకు పట్టే టైమే పుస్తకంలో ఉంటుంది.

దారి చీలే చోట ఫొటోలు రెండు వైపుల నుంచీ పెట్టాలి. ఎక్కేటప్పుడు స్పష్టంగా కనిపించిన మలుపు దిగేటప్పుడు వేరే చోటులా ఉంటుంది. రాసిన పేజీని ఆ కొండ చూడనివాళ్లతో చదివిస్తాను. ఇక్కడి ఇంజనీరింగ్ పిల్లలకు రామగిరి ఖిల్లా మీద ఇలాంటిదే ఒక పేజీ రాసి ఇచ్చి, వాళ్లు ముందు నడుస్తుంటే నేను వెనకే నడిచాను. "పెద్ద బండ దగ్గర ఎడమకు" అని రాస్తే వాళ్లకు పెద్ద బండలు మూడు కనిపించాయి. అప్పటి నుంచి గుర్తు పక్కన ఇంకో గుర్తు రాయకుండా ఏ మలుపూ రాయడం లేదు.

ఫోన్ గురించి క్లుప్తంగా: సిగ్నల్ లేకపోయినా జీపీఎస్ పనిచేస్తుంది, మ్యాప్ ముందే డౌన్‌లోడ్ చేసుకుంటేనే. ఐఫోన్ 14 నుంచి శాటిలైట్ ద్వారా ఎమర్జెన్సీ మెసేజ్ పంపొచ్చు. హెలికాప్టర్ వస్తుందిలే అని మాత్రం అనుకోవద్దు, గాలి బలంగా ఉంటే అది దగ్గరికి రాలేదు. బిల్లు పడుతుందన్న టెన్షన్‌తో ఫోన్ చేయకుండా ఆగేవాళ్లున్నారు. అక్కడి పర్వత రక్షణ బృందంలో ఉన్నది స్వచ్ఛంద సేవకులు, కాపాడినందుకు డబ్బు అడగరు. ఆస్పత్రి ఖర్చు వేరే విషయం, ప్రాణం ఉంటే అది తర్వాత చూసుకోవచ్చు.

అపోహ: ఇంట్లో చెబితే టెన్షన్ పడతారు, ఎవరికీ చెప్పకుండా పోయొస్తే సరి.

చెప్పాల్సిందే. అయితే వరంగల్‌లో ఉన్న నాన్నకు చెప్పడం ఒక్కటే సరిపోదు. ఆయన ఇక్కడి నుంచి అమెరికా ఎమర్జెన్సీ నంబరు 911 నొక్కితే కాలిఫోర్నియాకు కలవదు. టైము కూడా పన్నెండున్నర గంటల తేడా, చలికాలంలో పదమూడున్నర. అక్కడే ఉన్న రూమ్మేట్‌కు ఒక కాగితం ఇచ్చి వెళ్లండి: జట్టులో ఎవరెవరు, బండి నంబరు, ఎక్కడ ఆపారు, ఏ రంగు చొక్కాలు, ఏ దారిన ఎక్కి ఎలా దిగుతారు, ఎన్ని గంటలకు మెసేజ్ పెడతారు, ఆ టైము దాటి ఎంతసేపటికి 911కు ఫోన్ చేయాలి. ఆ కాగితం ఫొటోను, పామ్ స్ప్రింగ్స్ ఉన్న రివర్‌సైడ్ కౌంటీ షెరిఫ్ (అక్కడి పోలీసు) ఆఫీసు పది అంకెల నంబరుతో సహా ఇంటికి పంపండి. ఖాళీ నమూనా ఒకటి పుస్తకం చివరి పేజీలో, చించి ఇచ్చేలా వేస్తున్నాను.