ఈమెయిలా, టికెట్టా? టీమ్ చర్చలపై కొన్ని అపోహలు - వాస్తవాలు

సాఫ్ట్‌వేర్ టీములు తమ చర్చల్ని ఈమెయిల్‌లో జరపాలా, లేక ప్రతి పనినీ బగ్‌నీ ఒక్కో టికెట్‌గా నమోదు చేసే ట్రాకర్‌లో జరపాలా అన్నదే ఇక్కడి ప్రశ్న.

అపోహ: ఈమెయిల్ పాతబడిపోయింది, పెద్ద ప్రాజెక్టులు దానితో నడవవు.

లైనక్స్ ఆపరేటింగ్ సిస్టమ్‌కి గుండెకాయ లాంటి కెర్నల్ ఇప్పటికీ ప్రధానంగా మెయిల్ మీదే నడుస్తోంది. ప్యాచ్‌ని, అంటే కోడ్‌లో చేసిన మార్పుని, మెయిల్‌గా పంపుతారు, రివ్యూ చేసేవాళ్లు ఆ కోడ్ లైన్ల కిందే జవాబు రాస్తారు. 2005లో లైనక్స్ సృష్టికర్త లైనస్ టోర్వాల్డ్స్, కోడ్ మార్పుల చరిత్రని దాచే గిట్‌ని మొదలుపెట్టింది ఈ కెర్నల్ కోసమే. ప్యాచ్‌ని మెయిల్‌గా మార్చి పంపే కమాండ్లు గిట్‌లోనే ఉండటానికి కారణం అదే. పోస్ట్‌గ్రెస్ అనే డేటాబేస్ డెవలపర్లు కూడా డిజైన్ గురించి మెయిల్‌లోనే వాదించుకుంటారు.

అయితే ఈ ఉదాహరణ చూపించి "మాకూ మెయిల్ చాలు" అనేవాళ్లు ఒక సంగతి వదిలేస్తారు. ఆ మెయిల్స్ అన్నీ ఎవరైనా వెతుక్కోగలిగే ఆర్కైవ్‌లో ఉంటాయి. కెర్నల్ కమిట్లలో (గిట్‌లో నమోదైన మార్పుల్లో) చాలావాటికి ఆ చర్చ లింకు కూడా ఉంటుంది. పోస్ట్‌గ్రెస్ వాళ్లకి ఏ ప్యాచ్ ఎక్కడిదాకా వచ్చిందో చూసుకోవడానికి కమిట్‌ఫెస్ట్ అనే పట్టిక వేరే ఉంది. మామూలు ఆఫీసు మెయిల్‌కి ఇవేవీ ఉండవు. అయిదుగురి ఇన్‌బాక్సుల్లో ఉన్న థ్రెడ్ (ఒకే విషయం మీద సాగిన మెయిళ్ల వరస) ఆరో మనిషికి లేనట్టే. ఆ అయిదుగురిలో ముగ్గురు కంపెనీ మారితే, ఈ కోడ్ ఇలా ఎందుకుందో చెప్పేవాళ్లే మిగలరు. నాకు మెయిల్ మీద ఉన్న అసలు అభ్యంతరం ఇదొక్కటే.

అపోహ: ట్రాకర్ పెట్టేస్తే చర్చ దానంతటదే దారిలో పడుతుంది.

పని ఎవరిది, ఎక్కడిదాకా వచ్చింది, ఏ రిలీజ్‌లోకి వెళ్తుంది: వీటికి ట్రాకర్‌ని మించింది లేదు. వాదన దగ్గరికొచ్చేసరికి అది తడబడుతుంది. చాలా ట్రాకర్లలో కామెంట్లు ఒకే వరసలో పడతాయి. నాలుగో కామెంట్‌లో అడిగిన ప్రశ్నకి జవాబు నలభయ్యో కామెంట్‌లో దొరుకుతుంది, అదీ ఓపిగ్గా వెతికితే. మెయిల్‌లో అయితే ఏ జవాబు దేనికి రాసిందో హెడర్‌లోనే (మెయిల్‌తోపాటు వెళ్లే వివరాల్లోనే) ఉంటుంది కాబట్టి, కొమ్మలుగా చీలిన చర్చని కూడా విడివిడిగా చదువుకోవచ్చు.

అందుకే పొడుగు చర్చ జరిగిన ప్రతి టికెట్‌లోనూ పైనున్న వివరణని తిరగరాయాలి. ఏం నిర్ణయించాం, ఎందుకు, ఏ దారులు వద్దనుకున్నాం? ఈ మూడోది దాదాపు ఎవరూ రాయరు. నిజానికి అన్నిటికన్నా విలువైనది అదే. అది లేకపోతే ఆరు నెలలకి కొత్తగా వచ్చినవాళ్లు "ఇక్కడ క్యాష్ (డేటాని తాత్కాలికంగా దాచే చోటు) పెడదామా?" అని అడుగుతారు, వాదన మళ్లీ మొదటికొస్తుంది.

అపోహ: రెండిట్లో ఏదో ఒకటే ఎంచుకోవాలి.

లైనక్స్ రకాల్లో ఒకటైన డెబియన్‌కి ఉన్న బగ్ ట్రాకర్ నడిచేదే మెయిల్‌తో. ప్రతి బగ్‌కి దాని నంబరుతో సొంత మెయిల్ అడ్రస్ ఉంటుంది, బగ్‌ని మూసేయడానికీ మెయిలే పంపుతారు. టీములు కోడ్ పెట్టుకునే సైట్ గిట్‌హబ్ నుంచి వచ్చిన నోటిఫికేషన్ మెయిల్‌కి రిప్లై ఇస్తే అది కామెంట్‌గా చేరిపోతుంది. (అలా రిప్లై ఇచ్చేముందు కింద మీ సంతకంలో ఫోన్ నంబరు ఉందేమో చూసుకోండి.)

అపోహ: ప్రతి మాటా టికెట్‌లోనే ఉండాలి.

ఇంకా సరిచేయని భద్రతా లోపాన్ని అందరికీ కనిపించే టికెట్‌లో రాయకూడదు. కెర్నల్ వాళ్లు దానికోసం ప్రైవేటు మెయిల్ అడ్రస్ పెట్టుకున్నారు. ఒకరి పనితీరు మీద మాట్లాడాల్సి వస్తే, అది టికెట్‌లోనూ వద్దు, రిప్లై ఆల్‌లోనూ వద్దు.

అపోహ: కొత్త ట్రాకర్‌కి మారాక పాతదాంతో పనిలేదు.

ప్రోగ్రామింగ్ భాష పైథాన్ ప్రాజెక్టు 2022లో గిట్‌హబ్‌లోని ఇష్యూస్ అనే ట్రాకర్‌కి మారింది. పాత ట్రాకర్‌ని తీసేయలేదు, చదవడానికి మాత్రం ఉంచారు. ఎందుకంటే పాత కమిట్ల నిండా ఆ ట్రాకర్ టికెట్ల నంబర్లే ఉన్నాయి.

ఇక మెయిల్‌లో తేలిన విషయాన్ని టికెట్‌లోకి ఎక్కించాల్సింది ఎవరని టీముల్లో తరచూ అడుగుతుంటారు. ఆ టికెట్ ఎవరి పేరు మీద ఉందో వాళ్లే రాయాలి, థ్రెడ్ లింకుతో సహా, అదే రోజు. ఇంకా టికెట్టే లేకపోతే, మెయిల్‌లో "సరే, ఇలా చేద్దాం" అన్నవాళ్లు దాన్ని తెరవాలి.