మంచు టైర్లు, మన ఎండలు: టైర్ల షాపులో రోజూ వినే అపోహలు – వాస్తవాలు

నల్లగొండలో నాది టైర్ల షాపు. మిర్యాలగూడ రైస్‌మిల్లుల లారీలు, వాడపల్లి సిమెంటు లారీలు, సాగర్ చూడటానికి పోయే కార్లు, అన్ని రకాల బళ్ళూ మా దగ్గర ఆగుతాయి. మంచుతో మాకేం పని అనిపించవచ్చు. కానీ దసరా దాటిందంటే మంచు టైర్ల గురించి అడిగేవాళ్ళు మొదలవుతారు. ఈ చుట్టుపక్కల ఊళ్ళలో కొడుకో కూతురో కెనడాలోనో, జర్మనీలోనో, అమెరికాలోనో చదువుతున్న ఇళ్ళు తక్కువేం కాదు. మొన్న హాలియా నుంచి వచ్చిన ఒక పెద్దాయన కారుకు గాలి కొట్టిస్తూ అడిగాడు: "తమ్మీ, మా పిల్లగాడు చలికాలం టైర్లకని అరవై వేలు పంపుమంటుండు. బండికున్న టైర్లు మంచిగనే ఉన్నయట. గాడి షాపోళ్ళు మోసం చేస్తున్నరా ఏంది?"

మోసం కాదు, పంపండి అని చెప్పాను. మంచు పడే ప్రాంతాల్లో ఈ టైర్లను చట్టంతో తప్పనిసరి చేయడం కూడా న్యాయమేనని గట్టిగా నమ్ముతాను. అక్కడి మంచుకు వర్తించే లెక్కే ఇక్కడి ఎండకూ వర్తిస్తుంది కాబట్టి రెండూ కలిపి రాస్తున్నాను.

అపోహ: టైరంటే టైరే. బటన్ (రోడ్డుకు తగిలే గాళ్ళ రబ్బరు) ఉంటే ఏ కాలమైనా నడుస్తుంది.

టైరులో బటన్ సగం పని చేస్తే, మిగతా సగం రబ్బరు చేస్తుంది. మామూలు టైరు రబ్బరు సుమారు 7 డిగ్రీల కింద గట్టిపడటం మొదలవుతుంది. గట్టిపడ్డ రబ్బరు రోడ్డును పట్టుకోదు, దాని మీద జారుతుంది. అంటే మంచు కనపడకపోయినా, రోడ్డు పొడిగానే ఉన్నా, చలికే పట్టు తగ్గుతుంది. చలికాలం టైరులో సిలికా, సహజ రబ్బరు పాళ్ళు ఎక్కువ ఉంటాయి కాబట్టి గడ్డకట్టే చలిలోనూ అది మెత్తగా ఉంటుంది. దాని బటన్ మీద బ్లేడుతో కోసినట్టు సన్నటి చీలికలు వందల కొద్దీ కనిపిస్తాయి. బండి కదిలినప్పుడు అవి తెరుచుకుని మంచును కరుస్తాయి. పెద్ద గాళ్ళలో మంచు ఇరుక్కుని ఉండటం కూడా కావాలనే చేసిన ఏర్పాటు, ఎందుకంటే మంచును మంచే బాగా పట్టుకుంటుంది.

మన దగ్గర డిసెంబరు తెల్లవారుజామున కూడా మామూలుగా ఆ 7 డిగ్రీల దాకా పోదు. అందుకే మనకు ఈ సంగతి అనుభవంలో లేదు.

అపోహ: ఫోర్ వీల్ డ్రైవ్ బండి కొంటే టైర్లు మార్చక్కర్లేదు.

నాలుగు చక్రాలకూ ఇంజను బలం అందితే బండి కదలడం సులువవుతుంది, అంతే. బ్రేకు అన్ని బళ్ళకూ నాలుగు చక్రాలకూ పడుతుంది. ఆపేది, తిప్పేది రోడ్డుకు తగిలే ఆ నాలుగు అరచేతులంత రబ్బరే. ఫోర్ వీల్ డ్రైవ్ వల్ల వచ్చే ప్రమాదం ఇంకొకటుంది: సులువుగా వేగం అందుకుంటుంది కాబట్టి రోడ్డు ఎంత జారుడుగా ఉందో డ్రైవరుకు తెలియదు, తెలిసే సరికి బ్రేకు మీద కాలుంటుంది.

అపోహ: ఆల్ సీజన్ టైరు మీద 'ఎం ప్లస్ ఎస్' అని ఉంది, అదే మంచు టైరు.

ఎం ప్లస్ ఎస్ అంటే బురద, మంచు. ఆ అక్షరాలు కంపెనీ తనంతట తాను వేసుకునేవి, వాటికి మంచు మీద పరీక్ష అవసరం లేదు. చూడాల్సింది మూడు శిఖరాల కొండ, దాని లోపల మంచురేకు బొమ్మ. మంచు మీద పరీక్షలో నెగ్గితేనే ఆ బొమ్మ పడుతుంది. ఆ బొమ్మ ఉన్న ఆల్ సీజన్ టైర్లు కూడా ఉన్నాయి, మంచు కొద్దిగా పడే ఊళ్ళకు అవి సరిపోతాయి. నెలల తరబడి రోడ్డు తెల్లగా ఉండే చోట అసలు చలికాలం టైరే కావాలి.

అపోహ: డబ్బులు తక్కువగా ఉంటే రెండు మారిస్తే చాలు, అవి ముందుకు వేయాలి.

దీని మీద కాస్త ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే ఇదే పొరపాటు నల్లగొండలోనూ రోజూ జరుగుతోంది. రెండు కొత్త టైర్లు కొన్న ప్రతివాళ్ళూ "ముందుకెయ్యన్నా, ఇంజను ముందే ఉంది, స్టీరింగు ముందే ఉంది" అంటారు. నేను వెనక్కి వేస్తానంటే కొందరు కోపం తెచ్చుకుంటారు.

జరిగేది ఇది. ముందు టైర్లు జారితే బండి తిరగకుండా నేరుగా పోతుంది. డ్రైవరుకు స్టీరింగులోనే తెలుస్తుంది, యాక్సిలరేటరు వదిలితే వేగం తగ్గి పట్టు మళ్ళీ దొరుకుతుంది. వెనక టైర్లు జారితే బండి తోక పక్కకు వస్తుంది, కన్ను మూసి తెరిచేలోపు బండి గిర్రున తిరుగుతుంది. దాన్ని సరిచేయడం మామూలు డ్రైవరు వల్ల కాదు. జూన్‌లో మొదటి వాన పడ్డ రోజు హైవే మీద ఇది చూడవచ్చు. ఎండాకాలమంతా రోడ్డు మీద చేరిన నూనె, దుమ్ము, రబ్బరు పొడి ఆ మొదటి చినుకులతో కలిసి రోడ్డంతా సబ్బు పూసినట్టు చేస్తాయి. ముందు కొత్తవి, వెనక గుండైనవి ఉన్న బండే అప్పుడు డివైడరు వైపు తిరుగుతుంది.

మంచులో ఇదే సంగతి ఎన్నో రెట్లు ఎక్కువ. ముందు రెండింటికి చలికాలం టైర్లు, వెనక మామూలువి ఉంటే, బ్రేకు వేసిన క్షణంలో ముందు భాగం ఆగుతుంది, వెనక భాగం ఆగదు. మార్చితే నాలుగూ మార్చాలి.

అపోహ: తప్పనిసరి చేయడమంటే జరిమానాల కోసం, టైరు కంపెనీల లాభం కోసమే.

కెనడాలో క్యూబెక్ రాష్ట్రం 2008 నుంచి చలికాలం టైర్లను తప్పనిసరి చేసింది. మొదట గడువు డిసెంబరు 15 ఉండేది, 2019లో దాన్ని డిసెంబరు 1కి జరిపారు. మార్చి 15 దాకా వర్తిస్తుంది. అదే దేశంలో ఆంటారియోలో చట్టం లేదు, కానీ చలికాలం టైర్లు వేసుకుంటే 2016 నుంచి ఇన్సూరెన్స్ కంపెనీలు తగ్గింపు ఇవ్వాల్సిందే. జర్మనీలో తేదీ లేదు: రోడ్డు మీద మంచు, గడ్డకట్టిన నీళ్ళు ఉంటే తగిన టైర్లు లేకుండా నడపకూడదు. నడిపితే 60 యూరోల జరిమానా, లైసెన్సు మీద ఒక పాయింటు, బండి అడ్డంగా నిలిచి ట్రాఫిక్ ఆగితే ఇంకా ఎక్కువ. 2024 అక్టోబరు 1 నుంచి అక్కడ మంచురేకు బొమ్మ ఉన్న టైర్లే చెల్లుతాయి. బ్రిటన్‌లో అలాంటి చట్టం లేదు. చాలా ప్రాంతాల్లో మంచు నిలిచేది కొద్ది రోజులే కాబట్టి అక్కడ నేను కూడా పట్టుబట్టను.

నా దృష్టిలో క్యూబెక్ పద్ధతే మేలు. 'మంచు పడితే మార్చుకో' అంటే మనుషులు మంచు పడేదాకా ఆగుతారు. మొదటి మంచు రోజున ఊరంతా ఒకేసారి షాపుకు వస్తుంది, ఎంత మంది పనివాళ్ళున్నా ఆ రోజు నాలుగో వంతు బళ్ళకు కూడా మార్చలేం. మిగతావాళ్ళంతా పాత టైర్లతోనే ఇళ్ళకు పోతారు. తేదీ ఉంటే పని నెల ముందునుంచే మెల్లగా సాగుతుంది.

"నా బండి, నా ప్రాణం, నా ఇష్టం" అనే మాటను నేను ఒప్పుకోను. జారిన బండి ముందున్నవాడిని గుద్దుతుంది. ఎత్తు మీద ఒక లారీ జారి అడ్డం తిరిగితే వెనక అంబులెన్సు కూడా నిలిచిపోతుంది. ఇక ఖర్చు మాట నిజమే, కానీ అది కనిపించినంత కాదు. ఆరు నెలలు ఒక సెట్టు, ఆరు నెలలు ఇంకో సెట్టు తిరుగుతాయి. ఒకటి అరుగుతున్నప్పుడు రెండోది దాచి ఉంటుంది కాబట్టి రెండూ ఎక్కువ కాలం వస్తాయి. అయినా ఒక్కసారిగా అంత డబ్బు పెట్టలేని విద్యార్థులు, కూలీలు ఉంటారు. తప్పనిసరి చేసే ప్రభుత్వం వాళ్ళకు వాయిదాలో, రాయితీనో చూపించాలి. ఆ ఒక్క విషయంలో వ్యతిరేకించేవాళ్ళ వాదనలో బలముంది.

మన దేశంలోనూ ఇలాంటిది లేకపోలేదు. కశ్మీర్‌లో టంగ్‌మార్గ్ నుంచి గుల్మార్గ్ ఎక్కే రోడ్డు మీద మంచు పడ్డప్పుడు చైన్లు (టైర్లకు చుట్టే గొలుసులు) లేని బళ్ళను పైకి పోనివ్వరు. ఇక్కడి నుంచి సొంత కార్లలో పోయే కుర్రాళ్ళకు ఒక్క మాట: చైను మంచు మీదే వేయాలి, నిదానంగా నడపాలి, తారు కనపడగానే విప్పేయాలి. లేకపోతే చైనూ పోతుంది, టైరూ పోతుంది.

అపోహ: మెత్తటి రబ్బరు బాగా పట్టుకుంటుందంటే, ఆ టైర్లు ఇక్కడా వేసుకోవచ్చు.

వద్దు. మే నెలలో మన తారు రోడ్డు కాలు పెట్టలేనంత కాలుతుంది. ఆ వేడికి చలికాలం టైరు బటన్ మరీ మెత్తబడి అటూ ఇటూ ఊగుతుంది, బ్రేకు దూరం పెరుగుతుంది, త్వరగా అరుగుతుంది. సెకండ్ హ్యాండులో వచ్చే విదేశీ టైర్లలో ఆ మంచురేకు బొమ్మ ఉన్నవి అప్పుడప్పుడు కనిపిస్తాయి. చవక అని తీసుకోకండి.

అపోహ: ఎండాకాలం గాలి తగ్గించి కొట్టించాలి, లేకపోతే టైరు పేలుతుంది.

మన జిల్లాల్లో ప్రాణాలు తీసే అపోహ ఇదే. సూర్యాపేట దగ్గర టీ తాగడానికి ఆగిన లారీ డ్రైవర్లు టైరు మీద చెయ్యి పెట్టి, కాలుతోందని వాల్వు పిన్ను నొక్కి గాలి వదలడం ఎప్పుడూ చూస్తుంటాను. వాళ్ళు చేస్తున్నది చేయాల్సిన దానికి సరిగ్గా వ్యతిరేకం.

బండి నడిచాక టైరులో గాలి నాలుగైదు పాయింట్లు (పీఎస్‌ఐ) పెరగడం సహజం. కంపెనీ చెప్పిన గాలి లెక్కలో ఆ పెరుగుదల ముందే ఉంది. గాలి తగ్గితే సైడ్‌వాల్, అంటే టైరు పక్క గోడ, ప్రతి చుట్టుకూ ఎక్కువగా వంగుతుంది, ఆ వంగడమే వేడిని పుట్టిస్తుంది. లోపలి పొరలు ఒకదాన్నొకటి వదిలేస్తాయి, ఆ తర్వాతే పేలుతుంది. పేలిన టైరును మా దగ్గరికి తెచ్చినప్పుడు లోపల చెయ్యి పెట్టి చూపిస్తాను: నల్లటి రబ్బరు పొడి, పిడికెడు దాకా వస్తుంది. సైడ్‌వాల్ లోపల చుట్టూ నలిగిన గీత ఉంటుంది. అది గాలి ఎక్కువై పేలిన టైరు కాదు, గాలి తక్కువై నలిగి నలిగి చచ్చిన టైరు.

పొద్దున్నే, బండి కదలకముందు గాలి చూడాలి. ఎంత ఉండాలో డ్రైవరు తలుపు పక్కన స్తంభం మీద స్టిక్కరులో రాసి ఉంటుంది. చలి దేశాల్లో లెక్క తిరగబడుతుంది: ఐదారు డిగ్రీలు పడితే సుమారు ఒక పాయింటు తగ్గుతుంది. 25 డిగ్రీల్లో కొట్టించిన గాలి, మైనస్ 15 వచ్చేసరికి ఏడు పాయింట్ల దాకా పడిపోతుంది. పిల్లలకు ఫోను చేసినప్పుడు ఇది చెప్పండి.

అపోహ: నైట్రోజన్ కొట్టిస్తే టైరు పేలదు.

మామూలు గాలిలోనే 78 శాతం నైట్రోజన్ ఉంది. నష్టమేం లేదు, కానీ గాలి చూసుకునే పని తప్పదు.

అపోహ: మనకు టైర్ల మీద చట్టం లేదు.

ఉంది. కారు బటన్ లోతు 1.6 మిల్లీమీటర్ల కంటే తగ్గకూడదు. గాళ్ళ అడుగున చిన్న దిమ్మెలు ఉంటాయి, బటన్ వాటితో సమానమైందంటే టైరు పని అయిపోయినట్టే. లేనిది రోడ్డు మీద చూసే మనిషి. లారీలకు ఫిట్‌నెస్ పరీక్ష ఉంది, కానీ ఆ ఒక్క రోజుకు మంచి టైర్లు అడిగి తెచ్చి బిగించి, సాయంత్రం విప్పి గుండు టైర్లు మళ్ళీ ఎక్కించేవాళ్ళున్నారు. "రెండు రోజులకు ఇయ్యన్నా" అని నన్నూ అడుగుతారు, నేనివ్వను.

మహారాష్ట్రలో సమృద్ధి ఎక్స్‌ప్రెస్‌వే మీద 2023లో రవాణా శాఖవాళ్ళు అరిగిన టైర్ల బళ్ళను ఆపారు. మన 65వ నంబరు హైవే మీద పంతంగి, కొర్లపహాడ్ టోల్‌గేట్ల దగ్గర, ఏప్రిల్ నుంచి జూన్ దాకా అదే పని చేయాలని నా కోరిక. ఒక్కో బండికి రెండు నిమిషాలు చాలు. బటన్ లోతు, గాలి, సైడ్‌వాల్ మీద ఉబ్బు, ఆ పైన తయారీ తేదీ. సైడ్‌వాల్ మీద DOT అని మొదలయ్యే వరుసలో చివరి నాలుగు అంకెలే ఆ తేదీ: 2319 అని ఉంటే 2019లో 23వ వారం. ఇంట్లో నిలిపి ఉంచిన కారు టైరుకు బటన్ నిండుగా ఉంటుంది, రబ్బరు మాత్రం ఎండి పగుళ్ళు పట్టి ఉంటుంది. ఏడాదికోసారి పెళ్ళికి తీసి నేరుగా విజయవాడ బయల్దేరేవి ఈ కార్లే. బయల్దేరే ముందు రోజు ఏ టైర్ల షాపు దగ్గర ఆపినా చూసి చెప్తారు, దానికి ఎవరూ పైసలు అడగరు.